తమ్ముడు నాలుగేళ్లుగా ఐటీ రిటర్నులు వేయలేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

చిత్తూరు_అక్క | 2025 నవంబర్ 8

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో గవర్నమెంట్ టీచర్ని. నా పన్ను జీతంలోనే పట్టుకుంటారు కాబట్టి ఈ రిటర్నుల గొడవ నాకు పెద్దగా తెలియదు. ఇది మా తమ్ముడి సంగతి. తిరుపతి కొర్లగుంటలో ఉంటాడు. ఇంట్లో కూర్చునే వెబ్‌సైట్లు, యాప్‌లు చేసి ఇస్తాడు. కరోనాలో ఉద్యోగం పోయినప్పటి నుంచి ఇదే పని. మొదట్లో అంతా అమెరికా, దుబాయ్ వాళ్ల పనే. పోయిన ఏడాది నుంచి ఒక బెంగళూరు కంపెనీ పని కూడా చేస్తున్నాడు.

కరకంబాడి రోడ్డులో ఫ్లాట్ చూసుకుని లోన్‌కి వెళ్తే మూడేళ్ల ఐటీఆర్‌లు తెమ్మన్నారు. అప్పుడు బయటపడింది, ఒక్క ఏడాదీ వేయలేదని. ఎందుకురా అంటే, "మొదటి ఏడాది కట్టడానికి చేతిలో డబ్బుల్లేవు. రెండో ఏడాది వేస్తే మొదటిది ఏదీ అని అడుగుతారని భయం. ఆ తర్వాత ఆ మాట తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు" అంటాడు. తిట్టి లాభం లేదని ఊరుకున్నాను.

స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూడితే తేలింది ఇది: 2021-22లో 14 లక్షలు, 2022-23లో 22, 2023-24లో 26, 2024-25లో 24. ఇవి వచ్చిన డబ్బులు, మిగిలినవి కావు. 2020-21లో మూడు లక్షలు కూడా రాలేదు. పోయిన ఏడాది బెంగళూరు కంపెనీ ఇచ్చిన 10 లక్షల్లో లక్ష టీడీఎస్ పట్టుకుంది. అంతకుముందు టీడీఎస్ ఏమీ లేదు. ఎంత కట్టాల్సి వస్తుంది? మా పిన్ని అయితే జైల్లో వేస్తారని అమ్మను ఏడిపించి పెట్టింది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట_ట్రావెల్స్ | నవంబర్ 8

అక్కా, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. నోటీసు కూడా రాకముందే తనంతట తాను వెళ్లి కట్టేవాణ్ని ఎవరూ జైల్లో వేయరు. నాకు మూడు కార్లున్నాయి, శ్రీసిటీ కంపెనీలకు స్టాఫ్ ట్రిప్పులు తిప్పుతాను. మా ఆడిటర్ గారు ప్రతి ఏడాదీ వచ్చిన మొత్తంలో ఆరు శాతం లాభం చూపించి రిటర్న్ వేస్తారు, పన్నే పడదు. మీ తమ్ముడికీ అట్లే వేయించండి, అయిపోతుంది.

గుండుసూది | నవంబర్ 8

అయినా 12 లక్షల దాకా పన్నే లేదన్నారు కదా బడ్జెట్‌లో. ఇంకేం కడతాడు? పైగా వచ్చే ఏప్రిల్ నుంచి కొత్త ఇన్‌కం ట్యాక్స్ చట్టం. పాతది పోతే పాత బాకీలూ పోయినట్టే. నన్నడిగితే మార్చి దాకా కదలకుండా కూర్చోమంటాను.

బ్యాలెన్స్‌షీట్ | నవంబర్ 9

తిరుపతిలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. పై రెండు పోస్టులు చూసి ఉండబట్టలేక రాస్తున్నా.

12 లక్షల దాకా పన్ను లేదన్నది 2025 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన ఆదాయానికి, అదీ కొత్త పన్ను పద్ధతిలో (న్యూ రెజీమ్). వెనకటి ఏళ్లకు ఏ ఏటి లెక్క ఆ ఏటిదే. కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, అంతకుముందు సంవత్సరాల పన్నులన్నీ 1961 చట్టం ప్రకారమే నడుస్తాయి. మాఫీ లేదు, గీఫీ లేదు.

ట్రావెల్స్ అన్నా, మీకు చూపించే ఆరు శాతం ఐటీ చట్టం 44ఏడీ సెక్షన్ కింద వ్యాపారాలకు. సాఫ్ట్‌వేర్ పని 44ఏడీఏ కిందికి వస్తుంది. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, ఐటీ వాళ్లు ఉండేది అందులోనే. వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపాలి. సగం కన్నా ఎక్కువే మిగిలిందని అతనికి తెలిస్తే ఆ ఎక్కువే చూపించాలి. సగంతో సరిపెట్టి అదే ఏడాది స్థలాలు కొంటే రేపు ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతారు.

అక్కా, ఏ లెక్కా వేయకముందు పోర్టల్‌లో లాగిన్ అయి మూడు చోట్ల చూడమనండి: ఈ-ప్రొసీడింగ్స్ (నోటీసులు ఉండే చోటు), ఔట్‌స్టాండింగ్ డిమాండ్ (డిపార్ట్‌మెంట్ కట్టమన్న బాకీ), ఏఐఎస్ (అతని పాన్ మీద నమోదైన ఆదాయాల పట్టిక). ప్రొఫైల్‌లో ఏ మెయిల్, ఏ ఫోన్ నంబరు ఉన్నాయో కూడా చూడండి. చాలామందివి ఎప్పుడో పాన్ కార్డు తీయించిన షాపువాడి మెయిల్‌తోనే ఉంటాయి, నోటీసులన్నీ అక్కడికే పోతుంటాయి. ఏదైనా సంవత్సరానికి అసెస్‌మెంట్, అంటే డిపార్ట్‌మెంటే పన్ను లెక్క తేల్చే పని, మొదలై ఉంటే నేను కింద చెప్పేది ఆ సంవత్సరానికి పనికిరాదు.

ఏమీ లేదనుకుని చెప్తున్నా. 2024-25కి గడువు సెప్టెంబర్ 16తో పోయింది. కానీ డిసెంబర్ 31 దాకా ఆలస్యపు రిటర్న్ వేయొచ్చు. 24లో సగం 12 లక్షలు, కొత్త పద్ధతిలో సెస్సుతో కలిపి పన్ను 83,200. టీడీఎస్ లక్ష ఉంది. లేటు ఫీజు 5,000 పోను 11,800 అతనికే వెనక్కి వస్తుంది! డిసెంబర్ 31 దాటితే మాత్రం అప్‌డేటెడ్ రిటర్న్ ఒక్కటే దారి, దాంట్లో రీఫండ్ అడిగే వీల్లేదు. కాబట్టి ఇది ఈ వారమే వేయించండి.

మిగతా మూడేళ్లకూ ఐటీఆర్-యు, అంటే ఆ అప్‌డేటెడ్ రిటర్నే. ఇదివరకు రెండేళ్లే గడువుండేది, 2025 బడ్జెట్‌లో నాలుగేళ్లు చేశారు. అసెస్‌మెంట్ ఇయర్ (సంపాదించిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడులో 60, నాలుగులో 70.

2021-22 లెక్క వివరంగా చూడండి. 14లో సగం 7 లక్షలు. అప్పటి పాత స్లాబుల్లో సెస్సుతో పన్ను 54,600. రిటర్న్ ఆలస్యానికి 234ఏ కింద 2022 ఆగస్టు నుంచి నెలకు ఒక శాతం, ఈ నవంబర్‌కి 40 నెలలు. అడ్వాన్స్ ట్యాక్స్ (ఆ ఏడాది ముగిసేలోపే ముందుగా కట్టాల్సిన పన్ను) కట్టనందుకు 234బీ కింద 2022 ఏప్రిల్ నుంచి ఇంకో శాతం, 44 నెలలు. దాని వాయిదా తప్పినందుకు 234సీ కింద ఇంకాస్త. మొత్తం వడ్డీ 46,410. పన్నుతో కలిపితే 1,01,010. దాని మీద 60 శాతం 60,606, లేటు ఫీజు 5,000. అన్నీ కలిపి 1,66,616.

ఇదే పద్ధతిలో 2022-23కి 3,62,903. 2023-24కి కొత్త పద్ధతి స్లాబులు, 25 శాతం అదనం కాబట్టి 2,00,910. మూడూ కలిపి 7,30,429. ఎల్‌ఐసీ, పీపీఎఫ్ లాంటివి ఏమైనా కట్టి ఉంటే మొదటి రెండేళ్లలో కొంత తగ్గుతుంది. 2020-21లో సగం లక్షన్నర కూడా లేదు కాబట్టి పన్ను లేదు.

జైలు మాటంటారా, రిటర్న్ వేయనివాళ్ల మీద కేసు పెట్టడానికి 276సీసీ అని సెక్షన్ ఉన్నది నిజమే. కానీ గడువులోగా ఐటీఆర్-యు వేసిన వాళ్లకు దాని నుంచి మినహాయింపు ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది.

చిత్తూరు_అక్క | నవంబర్ 9

ఏడు లక్షల ముప్పై వేలా! అసలు పన్ను మూడు లక్షల పదిహేడు వేలే కదా, ఇప్పుడే కూడి చూశాను. మీరు చెప్పినట్టు వాడి లాగిన్ తెరిచి చూశాం. నోటీసులేవీ లేవు. మెయిల్ మాత్రం వాడి పాత కంపెనీది, అది ఎప్పుడో మూతపడిన అడ్రస్. మార్చేశాడు. వాడి దగ్గర రెండున్నర లక్షలున్నాయి. అది చెల్లించి మిగతాది నెలనెలా కట్టుకోవచ్చా?

బ్యాలెన్స్‌షీట్ | నవంబర్ 9

ఐటీఆర్-యులో వాయిదాలు లేవమ్మా. ఆ సంవత్సరం డబ్బు మొత్తం కట్టి, చలాన్ నంబరు వేస్తేనే రిటర్న్ తీసుకుంటుంది. కాకపోతే మూడేళ్లూ ఒకేసారి వేయాలని రూలేమీ లేదు. ఒక్కో ఏడాదీ విడిగా తీర్చుకోవచ్చు.

నైట్‌షిఫ్ట్_517501 | నవంబర్ 10

అక్కా, మీ తమ్ముడి లాంటి పనే నాది, బైరాగిపట్టెడలో ఉంటాను. ఏ ఏడాది ముందు కట్టాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. అందరూ పాతది ముందు తీర్చేద్దాం అనుకుంటారు, నాకైతే అది తప్పు లెక్క.

2026 మార్చి 31 దాటగానే మూడేళ్లకూ అదనపు శాతం ఒక మెట్టు ఎక్కుతుంది. కానీ మెట్లు సమానం కావు. 2023-24ది 25 నుంచి ఏకంగా 50కి పోతుంది, అంటే 39 వేలు పైన. 2022-23ది 50 నుంచి 60, దాదాపు 24 వేలు. 2021-22ది 60 నుంచి 70, పది వేలే. అంటే రెండున్నర లక్షల్లో ముందు 2023-24 కొట్టేయాలి. తర్వాత 2022-23. పాతది చివర. బ్యాంకు అడిగే మూడేళ్లు కూడా ఇవే కదా, 2022-23 నుంచి 2024-25 దాకా.

ఇక వడ్డీ. 234ఏ, 234బీ కలిపితే నూటికి రెండు రూపాయల వడ్డీ. దాని మీద మళ్లీ యాభయ్యో అరవయ్యో శాతం వేస్తారు కాబట్టి నిజానికి నూటికి మూడు రూపాయలు, ఆపైన పడుతుంది. బయట మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాడు రాత్రింబగళ్లు అదే ఆలోచిస్తాడు. గవర్నమెంట్ బాకీ అయ్యేసరికి ఎవడూ గుమ్మంలోకి రాడు కాబట్టి మర్చిపోతాం. బ్యాంకులో బంగారం పెడితే నూటికి రూపాయి లోపే. పర్సనల్ లోన్ కూడా దీనికన్నా నయమే.

రేణిగుంట_ట్రావెల్స్ | నవంబర్ 10

నిజమబ్బా. నా ఆరు శాతం మాట వెనక్కి తీసుకుంటున్నా. చీటీ ఏమైనా ఉంటే పాడేసుకోమనండి అక్కా, పాటలో కొంత పోయినా ఈ వడ్డీ కన్నా మేలే.

తోతాపురి | నవంబర్ 11

మీది చిత్తూరు అంటున్నారు, మామిడి తోట లేదా? సేద్యం ఆదాయానికి పన్ను లేదు. ఆ 22, 26 లక్షల్లో సగం తోట మీద వచ్చిందని రాయించండి. మా వైపు ఒకాయన ఇట్ల ఎంతమందికో చేసి పెట్టినాడు, పదిశాతం తీసుకుంటాడు.

చిత్తూరు_అక్క | నవంబర్ 11

బంగారుపాళెం దగ్గర నాన్నకు రెండెకరాలుంది. కాయ ధర పడిపోయి ఈ ఏడాది కోత కూలి కూడా రాలేదని రోడ్డు పక్కన పారబోసినవాళ్లున్నారు మా చుట్టుపక్కల. ఆ తోటలో లక్షలు పండాయని రాస్తే మా ఊళ్లోనే నవ్వుతారు.

బెల్లం_మండీ | నవంబర్ 11

తోతాపురి సామీ, ఆ పదిశాతం ఆయన దగ్గరికి మళ్లీ పోవద్దు. డబ్బు వచ్చింది అమెరికా నుంచి వైర్ ట్రాన్స్‌ఫర్‌లో. మామిడికాయలు ఏమైనా యాప్ చేసి ఇచ్చినాయా?

నాది చిత్తూరులో మండీ. కమిషన్ వ్యాపారం. 2017-18లో రైతుల డబ్బు నా సేవింగ్స్ ఖాతాలో పడి, నా ఖాతా నుంచే వాళ్లకు పోయింది. రిటర్న్ వేసే పని ఒకాయనకు అప్పజెప్పి ఉంటిని. ఆయన వేయలేదు, నాకు చెప్పలేదు. నోటీసులన్నీ ఆయన మెయిల్‌కే వచ్చినాయి. ఎవరూ జవాబు ఇవ్వకపోతే 144 కింద వాళ్లంతట వాళ్లే ఆర్డర్ వేస్తారు. ఖాతాలో పడిన నగదు మొత్తం ఎక్కడిదో చెప్పని డబ్బు అన్నారు. దానికి పన్ను ఎంతో తెలుసా? సర్‌చార్జి, సెస్సు కలిపి నూటికి 77 పైనే. నాకు ఈ సంగతి తెలిసింది ఏటీఎంలో డబ్బు రాకపోతే బ్యాంకుకు పోయి అడిగినప్పుడు. ఖాతా అటాచ్ చేసినారు.

అప్పుడు వేరే ఆడిటర్‌ను పట్టుకున్నాం. ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి, అది దాటిపోయింది. ఆలస్యానికి కారణం చూపించి, మెయిల్ నాది కాదని రుజువు పెట్టి ఫారం 35 వేసినాం. డిమాండ్‌లో 20 శాతం కడితే అప్పీలు తేలేదాకా మిగతాది ఆపుతారు. ఆ 20 శాతం కూడా ఒకేసారి నాతో కాలేదు, వాయిదాలు ఇమ్మని ఆఫీసర్‌కు అర్జీ పెడితే ఒప్పుకున్నారు. మనిషి ఎదురుగా పోయి కాగితాలు చూపిస్తే వాళ్లూ వింటారు, అది చెప్పాలి. అప్పీలు ఇంకా నడస్తా ఉంది. ఈలోగా డిమాండ్ మీద నెలకు ఒక శాతం వడ్డీ పెరుగుతానే ఉంటుంది.

టీచరమ్మా, మీ వాడు అదృష్టవంతుడు. ఏడు లక్షలు జాస్తిగా కనబడతా ఉంది గానీ, ఆర్డర్ వచ్చినాక అయితే ఖర్చులు తీసేసే సగం లెక్క కూడా వాళ్లు ఒప్పుకుంటారో లేదో.

గుండుసూది | నవంబర్ 12

సరే, నా 12 లక్షల మాట తప్పే. కానీ ఒకటి అడుగుతా, బ్యాలెన్స్‌షీట్ గారు నిజం చెప్పాలి. దాచిన ఆదాయం 50 లక్షల లోపైతే అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన మూడేళ్ల మూడు నెలల తర్వాత పాత కేసు తెరవలేరు. 2021-22 ఆదాయానికి ఆ గడువు 2026 జూన్‌తో అయిపోతుంది. ఎలాగూ చివర కట్టేది అదే అంటున్నారు. జూన్ దాకా ఆగి, ఏమీ రాకపోతే ఆ 1,66,616 ఎందుకు కట్టాలి?

బ్యాలెన్స్‌షీట్ | నవంబర్ 12

గడువు లెక్క సరైనదే. అయితే ఈలోగా నోటీసు వచ్చి కేసు మొదలైతే ఐటీఆర్-యు తలుపు మూసుకుపోతుంది. అప్పుడు పన్ను, వడ్డీలతో పాటు 270ఏ కింద పెనాల్టీ. మామూలుగా పన్నులో 50 శాతం, కావాలని దాచారంటే 200 శాతం. పైగా 2022-23 రిటర్న్ కొత్తగా పడితే, ముందు ఏడాది ఏదీ అని కంప్యూటరే అడగొచ్చు. నా దగ్గరికి వచ్చినవాళ్లకైతే కట్టమనే చెప్తాను.

నైట్‌షిఫ్ట్_517501 | నవంబర్ 12

గుండుసూది అన్నది చట్టంలో ఉన్నదే, అందులో మోసమేమీ లేదు. కానీ వచ్చే జూన్ దాకా ప్రతి మెయిల్‌కీ గుండె దడదడలాడుతుంటే ఆ పిల్లాడు పనేం చేస్తాడు? ఇన్నేళ్లూ చేసింది అదే కదా.

గుండుసూది | నవంబర్ 12

లక్షా అరవై ఆరు వేలకు నేనైతే దడ భరిస్తాను. ఎవరిష్టం వారిది.

రేణిగుంట_ట్రావెల్స్ | నవంబర్ 13

ఇంకోటి. 22, 26, 24 లక్షలంటే జీఎస్టీ లేదా? సర్వీసులకు 20 లక్షలే కదా హద్దు.

బ్యాలెన్స్‌షీట్ | నవంబర్ 13

మంచి ప్రశ్న, ఈ భాగం ఎవరికీ గుర్తుండదు. విదేశాలకు చేసిన పని మీద జీఎస్టీ సున్నా. అయినా 20 లక్షల లెక్కలో అదీ కలుస్తుంది. కాబట్టి 2022-23లోనే రిజిస్ట్రేషన్ తీసుకుని ఉండాల్సింది. అసలు చిక్కు బెంగళూరు 10 లక్షలతో. దాని మీద 18 శాతం లెక్కకు వస్తుంది. ఆ కంపెనీ జీఎస్టీలో ఉంటే, ఇప్పుడు బిల్లు మీద వేసి ఇవ్వడానికి ఒప్పుకుంటుందేమో అడగమనండి. ఒప్పుకోకపోతే చేతి నుంచి పోతుంది. ఇది ఫోరంలో తేలే పని కాదు, జీఎస్టీ చూసే ఆడిటర్‌తో విడిగా కూర్చోవాలి. విదేశీ డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చిన కాగితాలన్నీ తీసి పెట్టుకోమనండి, ఎగుమతి అని రుజువు చేసేది అవే.

ఒక మంచి మాట కూడా. ఈ 2025-26లో కూడా 24 లక్షలు దాటకపోతే సగం 12 లక్షలే. కొత్త పద్ధతిలో పన్ను సున్నా. గుండుసూది గారి 12 లక్షలు ఇక్కడ పనికొచ్చాయి. దాటేట్టు ఉంటే మార్చి 15 లోపు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయాలి. 44ఏడీఏ వాళ్లకు అదొక్కటే వాయిదా.

చిత్తూరు_అక్క | నవంబర్ 28

అందరికీ ధన్యవాదాలు. 2024-25 రిటర్న్ పోయిన వారమే వేశాడు. 2023-24కి నిన్న రెండు లక్షల చిల్లర కట్టాడు. 2022-23కి నా గాజులు, హారం బ్యాంకులో పెడుతున్నాను. మా ఆయన ఏమీ అనలేదు, మా అత్తగారే రెండు రోజులు మాట్లాడలేదు. పాతది ఏం చేయాలో వాడే తేల్చుకుంటానన్నాడు. బెంగళూరు కంపెనీ జీఎస్టీ బిల్లుకు సరేనంది, రిజిస్ట్రేషన్‌కు అప్లై చేశాడు.

కానీ కొత్త తలనొప్పి. నిన్నటి చలాన్‌లో 2023-24 అని ఎంచుకున్నాడట. ఇప్పుడు ఐటీఆర్-యులో ఆ చలాన్ కనబడటం లేదు. డబ్బు పోయినట్టేనా?

బ్యాలెన్స్‌షీట్ | నవంబర్ 28

పోలేదు, వేరే ఏడాది ఖాతాలో కూర్చుంది. 2023-24లో సంపాదించిన దానికి అసెస్‌మెంట్ ఇయర్ 2024-25. చలాన్‌లో అడిగేది అసెస్‌మెంట్ ఇయర్. పోర్టల్‌లోనే చలాన్ కరెక్షన్ అని ఉంటుంది. అసెస్‌మెంట్ ఇయర్ మార్చుకోవడానికి కట్టిన రోజు నుంచి ఏడు రోజులే టైమ్. ఇవాళే పెట్టించండి. అది సరైందని చూపించాకే ఐటీఆర్-యు సబ్‌మిట్ చేయాలి. డిసెంబర్ పడితే వడ్డీ ఒక నెల పెరుగుతుంది. అప్పుడు తేడా మొత్తానికి ఇంకో చిన్న చలాన్ కట్టి రెండూ వేయొచ్చు.

చిత్తూరు_అక్క | నవంబర్ 28

పెట్టేశాడు. రిక్వెస్ట్ నంబరు వచ్చింది. ఈసారి అసెస్‌మెంట్ ఇయర్ నేనే పక్కన కూర్చుని చదివించాను.

నైట్‌షిఫ్ట్_517501 | నవంబర్ 28

2022-23 చలాన్‌కి కూడా పక్కనే కూర్చోండక్కా. అది మూడున్నర లక్షలు.